జడములయందలి తారతమ్యము

భేదము వేఱు, తారతమ్యము వేఱు. ఘటము పటము కాదని తెలియుటకు ఏ ప్రయోజనమును మనస్సునందుంచుకొన నక్కఱలేదు. కన్నులు తెఱచి చూచిన చాలును. ఘటముకంటె పటము మేలని యెవడైన ననెనేని, దేనికి మేలని వెంటనే యడుగక తీఱదు. ఆ ప్రశ్నకు బదులు లేనిచో ఆ మాట అసత్యము సైతము కానేరదు, అర్థము పట్టని శబ్దముగా మిగులును. 13వ శతాబ్దమున మధ్వాచార్యులవారు ఈశ్వరునకును జీవునకును, ఈశ్వరునకును జడమునకును, జీవునకును జీవునకును, జీవునకును జడమునకును, జడమునకును జడమునకును గల భేదములైదును సత్యములని స్థాపించినది మొదలు జరిగిన వాదప్రతివాదములలోని వేడి ప్రధానముగా మొదటి భేదమును చుట్టుకొనియే యున్నది. కడపటిదియగు జడజడభేదము అందఱెఱిగినదే కదా యని దాటిపోవుట వాడుకయైనది. ఆ దాటిపోయిన చోటనే నేను కొంత నిలువదలచితిని. భేదము తారతమ్యముగా మాఱుట యెట్లో, ఆ మార్పునకు వస్తువు కారణమో చూచువాని బుద్ధి కారణమో నిష్పక్షపాతముగా విచారింపవలెనన్నచో తొలుదొల్త జీవుల జోలికి పోరాదు. అక్కడ మన రాగద్వేషములు త్రాసును ముట్టుకొనకుండ నుండవు.

అందుచేత విచారమునకు రెండు జడములను తీసికొందును. అవి ఇరువదియేండ్ల క్రిందటి ల్యాప్‌టాప్‌లలో నుండిన రెండు ప్రాసెసర్లు: ఇంటెల్ సంస్థవారి పెంటియం 4-ఎమ్ ఒకటి, పెంటియం ఎమ్ మఱియొకటి. ఘటపటములకువలె వీనికి జాతిభేదము లేదు. ఒకే సంస్థ చేసినవి. రెండును 130 నానోమీటర్ల పద్ధతిలో సిలికాన్‌పై మలచబడినవి. ఒకే యాదేశభాషను రెండును వినును. ఒక ప్రోగ్రామును ఈ రెంటికి నిచ్చినచో అంకె తప్పకుండ ఒకే ఫలమును రెండును తెచ్చియిచ్చును. ఫలమునుబట్టి చూచువానికి వీనియందు భేదమే లేదు. ఫలమునకు పోవు మార్గమునందే భేదమంతయు నున్నది. అద్వైతికిని ద్వైతికిని ఏకకాలమున సంతోషము కలిగింపగల జంట యిది.

2002 మార్చిలో వెలువడిన పెంటియం 4-ఎమ్, అంతకు రెండేండ్లకు లోపుగా బల్లమీది కంప్యూటర్లకై వచ్చిన పెంటియం 4 యొక్క సంచారరూపము. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున రూపొందిన ఆ నిర్మాణమునకు నెట్‌బర్స్ట్ అని పేరు. క్లాక్ వేగమును ఎంతవఱకు పెంచగలమో అంతవఱకు పెంచుట దాని సంకల్పము. అందు 2.4 గిగాహెర్ట్జ్ వేగము గలది 2003 జనవరిలో వచ్చినది. దానికి అయిదున్నరకోట్ల ట్రాన్సిస్టర్లు, 512 కిలోబైట్ల రెండవ స్థాయి క్యాష్, ముప్పదియైదు వాట్ల తాపపరిమితి. పెంటియం ఎమ్ ఆ తరువాత రెండుమాసములకే, 2003 మార్చి 12వ తేదీన, వెలువడినది. అది రూపొందినది ఇజ్రాయెల్‌లోని హైఫా నగరమున. అక్కడి బృందమువారు అంతకు పూర్వము టిమ్నా యను చౌకరకపు ప్రాసెసర్‌ను కట్టుచుండగా 2000లో సంస్థ దానిని నిలిపివేసినది. చేతిలోని పని జాఱిపోయిన ఆ నిపుణులు, సంస్థ తన భవిష్యత్తునంతయు నెట్‌బర్స్ట్‌మీద పెట్టుకొని యున్న కాలమున, 1995 నాటి పెంటియం ప్రోతో మొదలై పెంటియం 3 వఱకు నడచిన పాతనిర్మాణమును మఱల చేతబట్టి, ల్యాప్‌టాప్ కొఱకే తీర్చిదిద్దిరి. వారి తొలి ప్రాసెసర్లలో 1.6 గిగాహెర్ట్జ్ వేగము గలదానికి ఏడుకోట్ల డెబ్బదిలక్షల ట్రాన్సిస్టర్లు, ఒక మెగాబైటు క్యాష్, ఇరువదినాలుగున్నర వాట్లు.

అంగడిలో ఈ రెంటిని ఎదురెదురుగా చూచిన గృహస్థు ఏ ప్రమాణముచేత నిర్ణయింపగలడు? ప్రత్యక్షము పనికిరాదు, లోపలి క్రియ కంటికి కనబడదు, పెట్టె మూసియున్నది. మిగిలినది శబ్దము. పెట్టెమీద 2.4 అనియు 1.6 అనియు అంకెలున్నవి. ఆప్తుడనగా ఉన్నదున్నట్లు చెప్పువాడని నైయాయికుల నిర్వచనము. ఆ నిర్వచనముతో పరీక్షించినచో ఆ అంకెలను వ్రాసినవాడు ఆప్తుడే. ఆ క్లాక్ నిజముగా సెకనుకు రెండువందల నలువదికోట్ల పర్యాయములు కొట్టుకొనుచున్నది. అసత్యము శబ్దమునందు లేదు; శబ్దమునుండి కొనువాడు చేసికొను అనుమానమునందున్నది. ఎక్కడెక్కడ క్లాక్ వేగ మధికమో అక్కడక్కడ కార్య మధికము. ఇక్కడ క్లాక్ వేగ మధికము. కావున కార్య మధికము. ఆ దినములలో వేలకొలది అమ్మకములు ఈ పరార్థానుమానముమీద నడచినవని చెప్పుట తప్పు కాదు. దీని బలమునకు లొంగి 2001 అక్టోబరులో పోటీదారులగు ఏఎమ్‌డీ సంస్థవారు 1.33 గిగాహెర్ట్జ్ వేగముగల తమ అథ్లాన్ ఎక్స్‌పీకి 1500+ అని పేరుపెట్టిరి. అంకెలతో నిజము చెప్పినచో జనులు అబద్ధమును గ్రహింతురని భయపడి, నిజమును గ్రహింపజేయుటకు వేఱొక అంకెను చెప్పవలసి వచ్చిన విచిత్రమిది. ధర్మశాస్త్రకారు లెవరును ఈ సందర్భమును ఊహించినట్లు లేదు.

ఆ అనుమానమునందలి దోషము మన తార్కికులకు క్రొత్తది కాదు. 17వ శతాబ్దమువాడును ఆంధ్రుడును అగు అన్నంభట్టు బాలురకై వ్రాసిన తర్కసంగ్రహమున ఏడు పదార్థములను లెక్కించును. అందు గుణము రెండవది, కర్మ మూడవది. ఇరువదినాలుగు గుణములలో కడపటిది సంస్కారము; ఆ సంస్కారము మూడు విధములు; అందొకటి వేగము. కర్మయో వేఱొక పదార్థము. వేగమును గుణముల కోవలో నెక్కడనో కూర్చుండబెట్టి, క్రియకు స్వతంత్రముగా వేఱుపీట వేసిన ఈ విభాగమును చదువుకొనునప్పుడు అది వట్టి పట్టికవలె తోచును. బట్టీపట్టి పరీక్షలో వ్రాసి మఱచినవారే యెక్కువ. పెంటియం 4-ఎమ్‌ను పెంటియం ఎమ్ ప్రక్కన పెట్టినప్పుడు ఆ పట్టికకు ప్రాణము వచ్చును. ఒకదానియందు వేగ మధికము. ఇంకొకదానియందు క్రియ యధికము. రెండును వేఱువేఱు పదార్థములు గనుక ఒకదాని కొలత రెండవదానికి చెల్లదు.

ఎక్కడెక్కడ, అక్కడక్కడ అను ఆ వ్యాప్తియందు దోషము ఎక్కడనున్నదో అదే సంప్రదాయము ఇంకను సూక్ష్మముగా చూపును. ధూమమున్నచోట నగ్ని యుండుట నిజము. అగ్ని యున్నచోటనెల్ల ధూమముండుననుట నిజము కాదు, ఎఱ్ఱగా కాలిన యినుపగుండునందు పొగ లేదు. పొగకు కావలసినది అగ్నిమాత్రమే కాదు, తడికట్టెల సంయోగము. ఆ తడికట్టెలే యిక్కడ ఉపాధి. అట్లే అధికవేగమునుండి అధికకార్యమును ఊహించు అనుమానమునకును ఒక యుపాధి కలదు: క్లాక్ ఒక్కొక్క పర్యాయము కొట్టుకొన్నప్పుడు జరుగు పని, వేగము పెరిగిన మేరకు తఱుగకుండుట. అధికకార్యము జరిగిన ప్రతిచోటను ఈ షరతు నిలిచియే యుండును; అధికవేగమున్న ప్రతిచోటను నిలువదు. 1.6 గిగాహెర్ట్జ్ పెంటియం 4-ఎమ్‌ను 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం 4-ఎమ్‌తో పోల్చునప్పుడు షరతు చాలవఱకు నిలుచును, అనుమానము చెల్లును. పెంటియం ఎమ్ దగ్గఱకు వచ్చుసరికి అది తెగిపోవును. తేలికరోకలితో చకచక దంచు నామె పోటులనెన్ని, బరువురోకలితో నిదానముగ దంచు నామె పోటులనెన్ని, బియ్యమెవరిది ముందు తెల్లబడినదో చెప్పలేము గదా.

పోటు తేలిక యగుటకు కారణమేమో చెప్పకున్న నీ విచారము శుష్కతర్కమగును. ఒక్కొక్క యాదేశమును నెఱవేర్చుటను చిన్నచిన్న దశలుగా కోసి, మొదటి యాదేశము రెండవదశలో నుండగనే రెండవ యాదేశమును మొదటిదశలోనికి దింపుటకు పైప్‌లైన్ అని పేరు. దశ యెంత చిన్నదైన దానికి పట్టు కాలమంత తక్కువ. క్లాక్‌ను అంత వేగముగా కొట్టింపవచ్చును. పెంటియం 3 యందు పదిమాత్రముండిన దశలను నెట్‌బర్స్ట్ నిర్మాతలు ఇరువదికి పెంచిరి. అంకెల పనిచేయు చిన్నభాగములను కొన్నిటిని క్లాక్‌కు రెట్టింపు వేగముతో నడపిరి. ఇక ప్రోగ్రాములయందు ఐదాఱు ఆదేశములకొకటి చొప్పున దారి రెండుగా చీలుచుండును. ఇది యగునేని ఇటు, కానియెడల అటు. ఆ నిర్ణయము పైప్‌లైన్ చివరిభాగమునగాని తేలదు. అంతవఱకు ఊరకుండిన కాలము వ్యర్థము గనుక, ప్రాసెసర్ ఏదో యొక దారిని ముందుగా నూహించి అటు పరుగెత్తును. ఊహ ఫలించెనా, లాభమే. ఫలింపలేదా, దారిలో నున్న పనులన్నియు త్రోసివేసి మొదటికి రావలెను. దశలెన్ని యున్నవో నష్టమంత. ఫలాపేక్ష లేని కర్మను పొగడిన మన పెద్దలు ఫలమే లేని కర్మను పొగడలేదు. పెంటియం 4 చేసినదానిలో అట్టిది మెండుగా నుండెను. 2004 ఫిబ్రవరిలో బల్లమీది కంప్యూటర్లకు వచ్చిన ప్రెస్కాట్ రకమున దశలు ముప్పదియొకటికి చేరినవి.

హైఫావారి మార్గము వేఱు. వారి దశలు పెంటియం 3 కంటె నెక్కువ, పెంటియం 4 కంటె తక్కువ. దారి చీలుచోట ఊహ తప్పకుండుటకై వారు మిక్కిలి శ్రద్ధ చేసిరి; ఒక లూపు ఎన్నిమాఱులు తిరిగి ఎప్పుడు బయటపడునో గుర్తుంచుకొను ప్రత్యేకభాగమును అందులో నమర్చిరి. జంటగా నడవదగిన రెండు సూక్ష్మాదేశములను ఒక్కటిగా కట్టి మోసిరి. ఒక మెగాబైటు క్యాష్‌ను పెట్టియు, ఒక పర్యాయము కావలసిన ముక్కకు మాత్రమే విద్యుత్తునిచ్చి తక్కినదానిని నిద్రింపజేసిరి. ఇవన్నియు నొక యెత్తు, వోల్టేజి యొక యెత్తు. ట్రాన్సిస్టర్ల మార్పులకు వ్యయమగు శక్తి క్లాక్ వేగమునుబట్టి పెరుగును, వోల్టేజి వర్గమునుబట్టి పెరుగును. వేగమొక్కటే తగ్గించినచో ఆదా సూటిగా వచ్చును. వేగముతోపాటు వోల్టేజియు తగ్గించినచో అంతకు మించి వచ్చును. పెంటియం 4-ఎమ్ బ్యాటరీపై నున్నప్పుడు 1.2 గిగాహెర్ట్జ్‌కు దిగును; అది యెఱిగిన స్థితులు రెండే. పెంటియం ఎమ్ 1600 మెగాహెర్ట్జ్ వద్ద 1.484 వోల్టులతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా దిగి, 600 మెగాహెర్ట్జ్ వద్ద 0.956 వోల్టులకు చేరును. అప్పటి తాపపరిమితి ఆఱు వాట్లు. యజమాని తెఱమీది పేజీని చదువుకొనుచు మీటలు తాకని క్షణములలో అది దాదాపు ఉపవాసముండును.

నాటి పరీక్షలలో అనేకమున 1.6 పెంటియం ఎమ్ 2.4 పెంటియం 4-ఎమ్‌కు సమానముగ నిలిచినది, కొన్నిట మించినది, అదియు తక్కువ వేడితో. ఇంతటితో తీర్పు ముగిసెనని లేవబోవువారిని కొంచె మాగుమందును. ఒకే తీరున సాగు దత్తాంశముపై ఒకే పనిని లక్షలమాఱులు చేయవలసిన చోట, ముఖ్యముగ వీడియోను ఒక రూపమునుండి మఱియొక రూపమునకు మార్చుచోట, దారిచీలికలు తక్కువ, ఊహతప్పుట అరుదు, అప్పుడు పెంటియం 4 వంశము తన వేగమును పూర్తిగ వినియోగించుకొని ముందుకు పోవును. గోడకు ప్లగ్గు తగిలించి రాత్రియంతయు వీడియోలను మార్చువానికి ఒకటి మేలు. రైలులో కూర్చుండి వ్యాసము వ్రాసికొనువానికి రెండవది మేలు. అట్లయిన ఆధిక్యము ప్రాసెసర్‌నందున్నదా, రైలులోని వానియందున్నదా?

ఇక్కడ మన శాస్త్రములు మూడు మాటలు చెప్పును. వైశేషికులు ద్విత్వమును గూర్చి చేసిన చర్చ మొదట స్మరింపదగినది. రెండు వస్తువులు ఎదుట నున్నంతమాత్రమున రెండు అను సంఖ్య యందులో పుట్టదు. ఇది యొకటి, ఇది యొకటి అని జతపఱచి చూచు అపేక్షాబుద్ధి కలిగినప్పుడే యది పుట్టును, ఆ బుద్ధి నశించినప్పుడు నశించును. పుట్టుట మాత్రము వస్తువులయందే. బుద్ధి నిమిత్తము, వస్తువు ఆశ్రయము. ఈ సూక్ష్మమును చూచినవారు తార్కికులను వెండ్రుకలు చీల్చువారని నవ్వుదురు గాని, పోలికనుగూర్చి ఇంతకంటె నిశితమైన మాటను నేనెఱుగను. రెండవది శ్రీహర్షునిది. నైషధకావ్యము వ్రాసి మన శ్రీనాథుని చేతికి శృంగారనైషధమున కాధారమిచ్చిన ఆ 12వ శతాబ్దపు కవియే ఖండనఖండఖాద్యమను తర్కగ్రంథమును వ్రాసి, భేదమను మాటను ఎటు పట్టుకొన్నను నిలువనీయక చెండాడెను: భేదము వస్తుస్వరూపమే యందుమా, రెండవ వస్తువు నపేక్షింపక తెలియవలెను, వేఱొక ధర్మమందుమా, ఆ ధర్మమునకును వస్తువునకును మరల భేదము చెప్పవలెను. మూడవది మధ్వులది: భేదము వస్తుస్వరూపమే, ఏదైన నొకదానిని తెలిసికొనుటయే తక్కినవాని కన్న వేఱుగ తెలిసికొనుట.

నేటి చదువరులలో చాలమంది తెలిసియో తెలియకయో శ్రీహర్షుని ప్రక్కకు మొగ్గుదురు. అయితే ఆతనివలె బ్రహ్మమునందు విశ్రమించుటకు కాదు, ఏ వస్తువు మేలన్నది ఎవరి యిష్టము వారిదని చేతులు దులుపుకొనుటకు. ఈ తేలికమాట నాకు సమ్మతము కాదు. ప్రయోజనము నెంచుకొనుట మన వశమునందున్న మాట నిజమే. ఎంచుకొన్న పిమ్మట వచ్చు సమాధానము మన వశమునందు లేదు. రైలులో ఎక్కువసేపు బ్యాటరీ నిలువవలెనని నేను కోరుట నా బుద్ధిధర్మము, అందుకు 0.956 వోల్టుల ప్రాసెసర్ తగినదగుట సిలికాన్ ధర్మము, నేను పెంటియం 4 పక్షపాతినైనను అది మాఱదు. ద్విత్వమువలెనే ఆధిక్యమును బుద్ధి నిమిత్తముగ వస్తువునందు పుట్టును. బుద్ధి లేక పుట్టదు గనుక అది స్వాభావికగుణము కాదు. పుట్టినచోటు వస్తువు గనుక అది కల్పనయు కాదు.

వస్తువు మన యిష్టమును లెక్కచేయదనుటకు పెంటియం 4 కథయే సాక్షి. వేగమును పెంచుకొనుచు పోవుదుమని సంస్థ సంకల్పించెను, కొనువారు కోరిరి, ప్రకటనలు ప్రోత్సహించెను, ప్రయోజనము విషయమున బుద్ధులన్నియు నేకీభవించెను. ఐనను సిలికాన్ ఒప్పుకొనలేదు. దశలు పెంచి, కొలతలు 90 నానోమీటర్లకు తగ్గించినకొలది వ్యర్థముగ కాఱిపోవు విద్యుత్తును వేడియును హెచ్చెను. ప్రెస్కాట్ తరువాత రావలసిన టెజాస్ 2004 మేలో రద్దయ్యెను. ఆ యేటి అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 సైతము రద్దయ్యెను. అదే మాసమున అప్పటి సంస్థాధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభావేదికపై మోకాళ్లూని, వేడుకగానే యైనను, సభవారిని క్షమింపుమని వేడుకొనెను. కోట్లకొలది ధనమును సేనలవంటి నిపుణులును గల వ్యవస్థ ఒక జడముయొక్క స్వభావమునకు తలయొగ్గిన దృశ్యమది. స్వభావమనునది లేదని వాదించువారు దానిని చూచియుండవలసినది.

కాలమే తీర్పు చెప్పినది కదా యని యొకరనవచ్చును. పెంటియం ఎమ్ వంశమునుండియే 2006 జనవరిలో కోర్ డ్యుయో, ఆ యేటి జూలైలో కోర్ 2 డ్యుయో వచ్చినవి. బల్లమీది కంప్యూటర్లలోనికిని ఆ వంశమే ప్రవేశించి నెట్‌బర్స్ట్‌ను సాగనంపినది. అయినను గెలిచినవారి ఇంటిలోనికి ఓడినవారి గుణములు తరువాత మెల్లగా వచ్చి చేరినవి. ఒక్క ప్రాసెసర్ రెండు కార్యధారలను మోయు హైపర్-త్రెడింగ్, పెంటియం 4 తోపాటు మూలబడినదై, 2008లో నెహలేమ్‌నందు తిరిగివచ్చెను. విప్పిన ఆదేశములను దాచియుంచుకొను పెంటియం 4 నాటి యాలోచన 2011లో శాండీ బ్రిడ్జ్‌నందు వేఱొక రూపమున కనబడెను. ఏ ప్రయోజనమునకై చూచుచున్నామో ఆ ప్రయోజనము మాఱినప్పుడు త్యాజ్యము గ్రాహ్యమగును. కాలము న్యాయాధిపతి కాదు. ప్రయోజనములను మార్చుచుండు నిమిత్తమాత్రము.

2004లో ఇంటెల్‌వారు తమ ప్రాసెసర్ల పేర్లనుండి గిగాహెర్ట్జ్‌లను తొలగించి, ఆ మే నెలలో వచ్చిన రెండు గిగాహెర్ట్జ్ పెంటియం ఎమ్‌కు 755 అని పేరు పెట్టిరి. మునుపటి యంకె ఒకదానిని కొలిచి వేఱొకదానిని స్ఫురింపజేసెను. క్రొత్తయంకె దేనినియు కొలువదు. దీనిని గూర్చి యింతకు మించి చెప్పుట అనవసరము.

పెంటియం ఎమ్ తొలిరూపమునకు నిర్మాతలు పెట్టుకొన్న లోపలిపేరు బనియాస్. అది హెర్మోను పర్వతపాదమున, యోర్దాను నదికి నీరిచ్చు ఒక యూట యున్న స్థలముపేరు. పూర్వమచ్చట గుహాముఖమున పాన్ దేవతకు గుడి యుండెను. రోమనుల కాలమున ఆ పట్టణము కైసరయ ఫిలిప్పీగ ప్రసిద్ధము. ఏసుక్రీస్తు తన్ను జనులెవరనుకొనుచున్నారని శిష్యులనడిగినది ఆ ప్రాంతముననే యని సువార్తలు చెప్పును. వారు చెప్పిన మొదటి సమాధానములన్నియు ఉపమానములు: బాప్తిస్మమిచ్చు యోహాను అని కొందఱు, ఏలీయా అని కొందఱు, పూర్వప్రవక్తలలో ఒకడని కొందఱు అనుకొనుచున్నారనిరి. మీరేమనుకొనుచున్నారని ఆయన మఱల నడిగినప్పుడు మాత్రమే పేతురు ఎవరితోను పోల్చని బదులు చెప్పెను. మతవిశ్వాసమును ప్రక్కనుంచి చూచినను ఆ ఘట్టమునందొక తాత్త్వికసత్యమున్నది. గోవునకు సదృశముగ నుండునదే గవయము అని విని అడవిలో గవయమును గుర్తించునట్లు, తెలిసినదానితో పోల్చి తెలియనిదానిని గ్రహించుట మన కలవాటు. కాని యొక పురుషుని ముందు ఆ ప్రమాణము గడపదగ్గఱనే యాగిపోవును.

ఎందుకాగును? సాంఖ్యకారికలలో ఈశ్వరకృష్ణుడు పురుషుని స్థాపించుటకు చెప్పిన హేతువులలో మొదటిది, అనేకభాగములు కూడి యేర్పడిన సంఘాతమేదైనను పరార్థమే యనునది. మంచము తన కొఱకు లేదు, పరుండువాని కొఱకున్నది. ఏడుకోట్ల డెబ్బదిలక్షల ట్రాన్సిస్టర్ల సంఘాతము తనకై యొక లెక్కయు చేసికొనదు. పరార్థమైనదానికి ప్రయోజనము బయటనుండి నిర్ణీతమగును; నిర్ణీతమైన ప్రయోజనమున్నచో తారతమ్యము సత్యమగును. ఎవనికై ఈ సంఘాతములన్నియు నున్నవో ఆ పురుషుడు ఇంకొకనికై లేడని సాంఖ్యులందురు. అట్లు ఇంకొకనికై లేనపుడు అతనిని దేనికి మేలని యడుగవలెను? మన రాష్ట్రములలో ఇంటర్మీడియట్ చదువు పిల్లలున్నచోట ప్రవేశపరీక్ష ర్యాంకు మాట వినబడని యిల్లు లేదు. కళాశాలలో నున్న సీటు అను ప్రయోజనమును ముందుంచుకొని చూచినచో ఆ ర్యాంకు సార్థకమే. ఎవరిని చేర్చుకొనవలెనో దానినిబట్టి నిర్ణయింపవచ్చును. దానినే తీసికొనిపోయి బిడ్డకు తగిలించి, వీడు వానికంటె తక్కువవాడనుట, గిగాహెర్ట్జ్‌ను చూచి ప్రాసెసర్‌ను కొన్నదానికంటె దారుణమైన వ్యాప్యత్వాసిద్ధి, అనగా ఉపాధి తగిలిన హేతువునందలి దోషము. ప్రాసెసర్ విషయమున ఉపాధి నొకదానిని చేర్చిన హేతువు బాగుపడును. ఇక్కడ ఏ యుపాధిని చేర్చినను బాగుపడదు, సాధ్యమే లేదు గనుక.

మధ్వులు దీని కంగీకరింపరు. జీవులయందు తారతమ్యము స్వరూపసిద్ధమనియు, మోక్షమునందు సైతము ఆనందమునకు హెచ్చుతగ్గులున్నవనియు వారి సిద్ధాంతము. పైకి ఇది నే చెప్పినదానికి సూటిగ విరుద్ధము. నిదానించి చూచినచో విరోధము వేఱొకచోట నున్నది. మధ్వమతమున స్వతంత్రతత్త్వము ఒక్కడు శ్రీహరి. జీవుడును జడమువలెనే అస్వతంత్రుడు. జీవుని సత్త, ప్రవృత్తి, జ్ఞానము అన్నియు పరాధీనములని యొప్పుకొన్నవారు అతనియందు తారతమ్యము నొప్పుకొనుట తర్కమునకు తగియే యున్నది. పరాధీనమైనచోట తారతమ్యమునకు తావున్నదను నా ప్రతిజ్ఞకు వారు సాక్షులగుచున్నారేకాని ప్రత్యర్థులు కారు. సాంఖ్యులకును వారికిని గల కలహము జీవుడెవనికై యున్నాడనుదానిని గూర్చి. అది తీఱకుండ తారతమ్యవిషయము తీఱదు. ఆ కలహమును తీర్చు సాహసమునకు నేను పూనుకొనను. మధ్వులపక్షమునే గ్రహించినను, జీవుని యోగ్యత అనాదిస్వరూపమని వారే చెప్పుటచేత, దానిని సంపూర్ణముగ నెఱుగువాడు ఆ హరి యొక్కడే కావలెను. అప్పుడు కొలతబద్ద మన చేతికి ఎట్లు వచ్చినదో చెప్పవలసినవారు, పొరుగువానిని తక్కువవాడని నిర్ణయించి కూర్చున్నవారు.